మట్టిరంగు రికార్డు, రెండో వైపు

పాతికేళ్ళుగా ఒక మాటని లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. మూడక్షరాల మాట. "నవ్వేరు." అంతే. తిట్టు కాదు, శాపం కాదు. మా చెల్లెలితో ఒక సాయంత్రం అన్నాను. అది అబద్ధం. ఆ అబద్ధం తర్వాతే నాకు ఉద్యోగం వచ్చింది, ఇల్లు వచ్చింది, కలకత్తాలో నలుగురు గుర్తుపట్టే చిన్న పేరు కూడా వచ్చింది. మా చెల్లెలికి ఏమొచ్చిందో కూడా చెప్తాను.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిదైంది. తెలిసినవాళ్ళకి చెప్పబోతే సగంలో నవ్వులాటగా మార్చేసి తప్పించుకుంటాను. ఆ విద్య నాకు బాగా వచ్చు. నా తెలుగులో తప్పులుంటే సర్దుకోండి. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో పుట్టి, బెంగాలీ బళ్ళో చదివి, అమ్మ పలక మీద దిద్దించిన అక్షరాలతో ఇంతవరకు లాక్కొచ్చినవాణ్ణి. ఎవరిచేతైనా దిద్దిద్దామంటే వాళ్ళకి ముందే సంగతి తెలిసిపోతుంది కదా.

సంగతి వింటే మీకు నవ్వు రావచ్చు. ఒక ఇంగ్లీషు బ్యాండు ఉండేది. ఒక్కో పాట ఇరవై నిమిషాలు వాయించే రకం. పాడేది తక్కువ, వాయించేది ఎక్కువ. పేరు చెప్పను, చెప్తే అభిమానులు కొట్లాటకి వస్తారు. వాళ్ళ ఏడు రికార్డుల్లో నీకు ఏది ఇష్టం అన్న ప్రశ్న దగ్గర మొదలైంది ఇదంతా. ఇంత చిన్నదానికి ఇంత ఏడుపా అనుకుంటారు. నేనూ చాలా ఏళ్ళు నాకు అలాగే సర్దిచెప్పుకున్నాను. రికార్డే కదా, ఎవరి కొంప మునిగింది? మునిగింది మా కొంపే. నేను చూడనట్టు నటించాను.

మా నాన్న సంత్రాగాఛి యార్డులో షంటింగ్ జమేదారు. శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి పదిహేడో ఏట ఖరగ్‌పూర్ వచ్చి, అక్కణ్ణుంచి ఇక్కడికి మారాడు. ఇంజను వ్యాగన్లని తోసుకొస్తుంటే ఏది ఏ లైన్లోకి పోవాలో చూసి, జెండా ఊపి, రెండు వ్యాగన్ల మధ్య దూరి కొక్కెం తగిలించే పని. అలా ఒక్కొక్కటీ తగిలించి బండి కడితే, ఆ కట్టిన బండిని వేరేవాళ్ళు తోలుకుపోతారు. మధ్యాహ్నం నాన్నకి అన్నం క్యారేజీ యార్డుకి పట్టుకెళ్ళేది మా చెల్లెలు పైడమ్మ. ఇంట్లో పైడి అంటాం. నాకంటే మూడేళ్ళు చిన్న. నాన్న తిని క్యారేజీ కడిగి ఇచ్చేదాకా అది సిగ్నల్ కేబిన్ మెట్ల మీద కూర్చుని చూస్తూ ఉండేది. నేను ఎప్పుడూ వెళ్ళలేదు. కాలేజీ చదువు ఉందని చెప్పేవాణ్ణి. నాన్న జెండా పట్టుకుని నిలబడ్డ చోట నన్నెవరైనా చూస్తారని సిగ్గు. ఇది కూడా ఎవరితోనూ అనలేదు ఇంతవరకు.

కాలేజీలో బాపి-దా, అంటే బాపి అన్న, అని ఒకడు, నాకంటే రెండేళ్ళు పెద్ద. వాళ్ళ ఇల్లు శ్యాంబజార్ వైపు. మేనమామ ఓడలో ఇంజనీరు, వచ్చినప్పుడల్లా రికార్డులు తెచ్చేవాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంటి మేడ గదిలో తొమ్మిదిమందిమి చేరేవాళ్ళం. మరమరాలు, మిరపకాయ బజ్జీలు, మట్టి కప్పుల్లో టీ, ఆపైన వాదన. కలకత్తాలో వాదన లేకపోతే తిన్నది అరగదు. ఫుట్‌బాల్ మీద, రాజకీయం మీద, చేపల పులుసులో ఆవపిండి ఎంత వెయ్యాలన్నదాని మీద కూడా వాదించేవాళ్ళు. అది ఎర్రజెండాల కాలం. ఆ గదిలో ఉన్నవాళ్ళందరిదీ కార్మికుల పక్షమే. కార్మికుడి కొడుకుని మాత్రం నేనొక్కణ్ణే. మా నాన్నది రైల్వేలో ఆఫీసు పని అని చెప్పుకున్నాను.

నా పేరు వాళ్ళు పట్టించుకోలేదు. తెలుగువాడు ఎవడు కనబడినా వాళ్ళకి "రావ్" అనే పేరే. నా పేరులో ఎక్కడా రావు లేడు. అయినా "ఏయ్ రావ్, టీ ఇటు అందించు" అంటే పలికేవాణ్ణి. ఏడాదిపాటు గుమ్మం పక్కన కూర్చున్నాను. ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. వాళ్ళు పదేళ్ళ వయసు నుంచి వింటున్న సంగీతం నేను నిన్నగాక మొన్న మొదలుపెట్టాను. ఏమంటే ఏం తప్పో అని భయం. వాళ్ళలో ఒకణ్ణి కావాలని మాత్రం ఎంత ఉండేదో ఇప్పుడు చెప్పినా మీరు నమ్మరు. లోకల్ బండిలో ఇంటికి వస్తూ, ఆ మధ్యాహ్నం నేను అనగలిగి అనని మాటలు లోపల బెంగాలీలో అప్పచెప్పుకునేవాణ్ణి.

ఆ ఏడు వానాకాలంలో బాపి-దా ఒక నియమం పెట్టాడు. ఆదివారానికి ఒకరు ఆ బ్యాండు రికార్డుల్లో తనకి అన్నిటికంటే ఇష్టమైనది చెప్పాలి, అది వేసి వినిపించాలి, ఎందుకిష్టమో నిలబెట్టాలి. ఊరికే బాగుంది అంటే ఒప్పుకోరు. మేం రికార్డుల్ని అట్ట రంగుతో పిలిచేవాళ్ళం. ఎక్కువమంది నీలం అట్టదే ఎంచుకున్నారు. మట్టిరంగు అట్టది ఎవరూ తలపెట్టలేదు. బ్యాండు అలసిపోయి చేసింది అనేవారు. మొదటి వైపంతా రొద, రెండో వైపు ఎక్కడికీ వెళ్ళదు, అని తీర్పు.

మా ఇంట్లో ఉన్నది ఆ మట్టిరంగుదే. బాపి-దా రికార్డులు బయటికి ఇచ్చేవాడు కాదు, క్యాసెట్ మీద ఎక్కించి ఇచ్చేవాడు. మంచివి మిగతావాళ్ళు పట్టుకుపోయాక నాకు మిగిలింది అది. ఎక్కిస్తుండగా కరెంటు పోయిందట. అప్పుడు రోజూ పోయేది. మళ్ళీ వచ్చాక ఎంతవరకు అయిందో తోచక, రికార్డు రెండో వైపుని క్యాసెట్ మొదటి వైపుకి ఎక్కించి, పైన ఒకటి అని రాసి ఇచ్చేశాడు. ఆ సంగతి మాకు తెలియదు. మేం విన్నది తలకిందులుగా.

నేను పుస్తకం ముందేసుకుని, అర్థం చేసుకుని తీరాలని వినేవాణ్ణి. పైడి బియ్యంలో రాళ్ళు ఏరుతూ వినేది. నా ఆదివారం ఇంకో వారం ఉందనగా, నేను అందరిలాగే నీలం అట్ట గురించి నాలుగు పెద్ద మాటలు రాసుకుంటున్నాను. టేప్ రికార్డర్‌లో మట్టిరంగు క్యాసెట్ తిరుగుతోంది. పైడి చేట దించి అంది: "అన్నియ్యా, ఇది షంటింగ్. ఇటేపంతా డబ్బాలు తగిలిస్తన్నారు. ఆ ధడ్‌మన్నప్పుడల్లా ఒకటి తగిలినట్టు. తిరగేస్తే కట్టిన బండి ఎలిపోతాది."

వెనక్కి తిప్పి విన్నాను. మొదట ఒంటి పియానో, ఒకటే స్వరం మళ్ళీ మళ్ళీ. కాసేపటికి ఒక వాయిద్యం వచ్చి చేరుతుంది, చేరినప్పుడు డ్రమ్ము మీద ఒక్క పెద్ద దెబ్బ. ఇంకాసేపటికి ఇంకొకటి, ఇంకో దెబ్బ. ఇరవై నిమిషాలూ అదే. క్యాసెట్ తిరగేస్తే అన్నీ కలిసి ఒకే వేగంతో పరుగు. ఎక్కడికీ వెళ్ళదు అని అందరూ అన్న వైపు అసలు వెళ్ళడానికి కాదు, కట్టడానికి. నా ఒళ్ళు జలదరించింది. సంతోషమా? కాదు. ఇది నాకెందుకు తట్టలేదు అన్న కుళ్ళు. అవును, కుళ్ళే. పదిహేడేళ్ళ పిల్ల మీద.

ఇదే చెప్తానన్నాను. నీ మాట అని, నీ పేరు చెప్పే చెప్తానన్నాను. అప్పటికి అలా చెయ్యాలనే ఉంది, ఒట్టు. తననీ తీసుకెళ్ళమంది. ఆడపిల్లలు అక్కడికి రారన్నాను. వచ్చే తొమ్మిదిమందిలో ఇద్దరు ఆడపిల్లలే. ఆ చిన్న అబద్ధం దగ్గరే నన్ను నేను పట్టుకుని ఉండాల్సింది.

ఆ ఆదివారం నేను మట్టిరంగు అట్ట పేరు చెప్పగానే గదిలో అందరూ తలలెత్తారు. మొదటి వైపు ఒంటి పియానోతో మొదలవుతుంది కదా అన్నాను. అది రెండో వైపు అన్నాడు బాపి-దా. ఏడాది తర్వాత నోరు విప్పితే మొదటి వాక్యమే తప్పు. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. వెళ్ళిపోయినా బాగుండేది. కానీ తెగించి, ముందు అదే వెయ్యండి, తర్వాత తిప్పండి అన్నాను. వేశారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. యార్డు, ఇంజను, కొక్కెం, దెబ్బ. ఇది మా చెల్లెలు అన్న మాట, అని మొదటి వాక్యం కావాలి. రెండో వాక్యంలో చెప్దామనుకున్నాను. తర్వాత మూడో దాంట్లో.

అందరూ నావైపు తిరిగి కూర్చున్నారు. ఒకడు బజ్జీ చేతిలో పట్టుకుని తినడం మరిచిపోయాడు. నీకు యార్డు గురించి ఇంత ఎలా తెలుసని ఎవరో అడిగారు. మా నాన్న షంటింగ్ జమేదారు అన్నాను, మొదటిసారి. రోజూ అన్నం క్యారేజీ పట్టుకెళ్ళి కేబిన్ మెట్ల మీద కూర్చుని చూసేవాణ్ణి అన్నాను. అంటే దాని మాట ఒక్కటే తీసుకోలేదు. అది ఎండలో నడిచిన నడకలు కూడా తీసుకున్నాను. ఏడాదిగా దాచుకున్న నాన్న ఉద్యోగం ఆ గదిలో ఒక్కసారిగా పతకం అయిపోయింది. బాపి-దా లేచి వచ్చి నా వీపు మీద చరిచాడు. "రావ్, తుమి తో ఫాటియే దిలే" అన్నాడు. అదరగొట్టేశావు అని.

రుమా అని ఒకమ్మాయి ఉండేది, తక్కువ మాట్లాడేది. ఆమె మాత్రం ఒక ప్రశ్న వేసింది. ఇది ఎవరితో కలిసి విన్నావు, అని. ఎందుకడిగిందో ఇప్పటికీ తెలియదు. మామూలుగానే అడిగి ఉండవచ్చు. గుమ్మడికాయల దొంగలా నేను భుజాలు తడుముకున్నాను. ఒక్కణ్ణే విన్నాను, అన్నాను. అదిగో, తలుపు బార్లా తెరిచి ఇచ్చిన చోట కూడా నేను లోపలికి రాలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పైడి క్వార్టర్ల కుళాయి దగ్గర బకెట్ పట్టుకుని ఉంది. నన్ను చూసి కుళాయి వదిలేసి ఎదురొచ్చింది.

"చెప్పేవా అన్నియ్యా?"

"చెప్పేను."

"నా పేరు చెప్పేవా?"

"చెప్పేను."

"ఏటన్నారు?"

"నవ్వేరు."

"అందరూనా?"

"అందరూ."

బకెట్ నిండి పొర్లుతోంది. అది వెనక్కి వెళ్ళి కుళాయి కట్టేసింది. "పోన్లే. నాకేటి తెల్సు" అంది. బకెట్ ఎత్తుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఎందుకలా అన్నాను? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. వేరే దారులు లేవా? మరిచిపోయాను అనవచ్చు. కరెంటు పోయింది, నా వంతు రాలేదు అనవచ్చు. పొగిడారు అని ఒక్క ముక్క అంటే ఎంత పొంగిపోయేదో. కానీ పొగిడారంటే మళ్ళీ వారం తీసుకెళ్ళమంటుంది. ఎవరేమన్నారని అడుగుతుంది. ఇంకో రికార్డు విని ఇంకో మాట అంటుంది, అది కూడా నేను మోసుకెళ్ళాలి, ఎప్పుడో ఒకరోజు దొరికిపోతాను. అది మళ్ళీ ఎప్పుడూ అడగకుండా ఉండాలి. అలా ఉండాలంటే ఏ మాట సరిపోతుందో నా నోటికి వెతకకుండానే దొరికింది. ఆలోచించి అన్నది కాదు అని చెప్పుకుని కొన్నేళ్ళు బతికాను. ఆలోచించకుండానే అంత సరిగ్గా తగిలిందంటే, నేను ఎలాంటివాణ్ణి?

ఆ తర్వాత అది టేప్ రికార్డర్ ముట్టుకోలేదు. నేను పెడితే లేచి వంటింట్లోకి వెళ్ళేది. కోపంగా కాదు, పని ఉన్నట్టు. 

నా సంగతి వేరుగా నడిచింది. ఆ ఆదివారం నుంచి బాపి-దా ఇంట్లో మట్టిరంగు రికార్డుని అవతలి వైపు నుంచే వేసేవారు. దానికి "రావ్-ఏర్ పిఠ్" అని పేరు పెట్టారు, రావు గారి వైపు అని. వాళ్ళు నడిపే చిన్న పత్రికలో నాచేత వ్యాసం రాయించారు. కింద రావు అనే వేశారు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు, ఇక్కడ సోకు చేసుకున్నవాడి పేరు కూడా వాడిది కాదు. ఆ వ్యాసం చదివి ఒకాయన పిలిచి తన ప్రకటనల కంపెనీలో ఉద్యోగం ఇచ్చాడు. రేడియో ప్రకటనలకి చప్పుళ్ళు, సంగీతం చూసుకునే పని. మంచి చెవి ఉన్నవాడు కావాలి అన్నాడు. పాతికేళ్ళుగా ఆ చెవి మీదే బతుకుతున్నాను. పని నేర్చుకున్నాను, కష్టపడ్డాను, అది అబద్ధం కాదు. కానీ ఎవరైనా నా చెవిని మెచ్చుకున్నప్పుడు నాకు బకెట్ పొర్లిన చప్పుడు వినిపించేది.

పైడికి పదో క్లాసుతో చదువు ఆగింది. టికియాపారాలో లోకల్ బళ్ళు బాగుచేసే కార్‌షెడ్‌లో ఫిట్టర్‌గా చేసే మా ఊరివైపు అబ్బాయికిచ్చి పెళ్ళి చేశారు. మంచివాడు మా బావ. వాళ్ళ క్వార్టర్ పట్టాల పక్కనే. వంటింట్లో చపాతీలు వత్తుతూ, పోతున్న బండి చప్పుడు విని, నాలుగో డబ్బా చక్రం అరిగింది, నాకేటి తెల్సు గానీ, అంటుంది. బావ వెళ్ళి చూస్తే అరిగే ఉంటుంది. షెడ్‌లో అందరికీ ఈ సంగతి చెప్పి మురిసిపోతాడు. నేను మురిసిపోలేను. నాకు ఆ చివరి ముక్క ఒక్కటే వినిపిస్తుంది. కూతురి చదువు గురించి చెప్పినా, చీర రంగు గురించి చెప్పినా, కూరలో ఉప్పు గురించి చెప్పినా దాని వాక్యం చివర అది ఉంటుంది. నాకేటి తెల్సు. అందరూ దాన్ని పైడి అలవాటు అనుకుంటారు, అణకువ అనుకుంటారు. ఆ అలవాటు ఏ రోజు, ఏ కుళాయి దగ్గర మొదలైందో నా ఒక్కడికే తెలుసు.

చెప్పేద్దామని చాలాసార్లు వెళ్ళాను. రాఖీకి, దసరాకి, అమ్మ పోయిన ఏడాది. ప్రతిసారీ అది నాకు చేప వేపుడు పెట్టేది, నేను తిని వచ్చేసేవాణ్ణి.

ఇప్పుడు చెప్పబోయేది నా గొప్ప కాదు. నేను నా అంతట నేను ఒప్పుకోలేదు. పట్టుబడబోయి ఒప్పుకున్నాను. దాని కూతురు టుంపా, కలకత్తా తెలుగువాళ్ళ పిల్లలకి ఇలాంటి ముద్దుపేర్లు మామూలే, సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. బస్సులో చెవుల్లో తీగలు పెట్టుకుని పాత బ్యాండులన్నీ వింటుంది. తెలుగు చదవలేదు, బెంగాలీ గడగడా చదువుతుంది. ఎవరో పాత మిత్రుడు ఆ చిన్న పత్రిక పేజీలని ఇంటర్నెట్‌లో పెట్టాడట. అది దీని కంటబడింది. సంత్రాగాఛి యార్డు, షంటింగ్ జమేదారు తండ్రి, తెలుగువాడు. నాకు ఫోన్ చేసి, మామయ్యా, ఈ రావు నువ్వేనా అంది. ఎంత గర్వంగా అడిగిందో. ఆదివారం అమ్మకి చదివి వినిపిస్తాను, అమ్మకి అసలు చెప్పనేలేదు కదా నువ్వు, అంది.

శనివారం పొద్దున్నే టికియాపారా వెళ్ళాను.

పైడి బఠానీలు ఒలుస్తోంది. ఎదురుగా పీట మీద కూర్చుని మొత్తం చెప్పాను. ఆడపిల్లలు రారన్నదగ్గర్నుంచి, క్యారేజీ దగ్గర్నుంచి, రుమా ప్రశ్న దాకా. ఎవరూ నవ్వలేదు అని చెప్పాను. ఆ మాట ఎంత గట్టిగా అన్నానో, పక్క క్వార్టర్‌లోంచి ఎవరో తొంగి చూశారు. అది తలెత్తలేదు. బఠానీలన్నీ ఒలవడం అయ్యాక తొక్కలు పోగుచేసి తీసుకుని లోపలికి వెళ్ళింది. బయటికి రాలేదు. చాలాసేపు కూర్చుని లేచి వచ్చేశాను. ఏడ్చిందో లేదో నాకు తెలియదు. తిట్టి ఉంటే బాగుండునని వంతెన మీద నడుస్తూ అనుకున్నాను. అంతలోనే, నాకు బాగుండడం కోసం అది ఇంకా ఏదో ఒకటి చెయ్యాలని చూస్తున్నానా అనిపించింది.

మూడు వారాలు ఫోన్ లేదు. టుంపా కూడా చెయ్యలేదు. అయినా ఒక విచిత్రం. ఆ మూడు వారాలూ నాకు నిద్ర బాగా పట్టింది. సిగ్గులేని నిద్ర అనండి, మీ ఇష్టం.

మొన్న ఆదివారం పొద్దున్న తలుపు తీస్తే పైడి, వెనక టుంపా. లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది. "ఆ మిగతా ఎనిమిదిమందీ ఒక్కొక్కలు ఏటన్నారో చెప్పు. వరసగా చెప్పు" అంది.

చెప్పాను. గంటన్నర పట్టింది. బాపి-దా ఏమన్నాడు, బజ్జీవాడు ఎవడు, ఎవరు సూది వెనక్కి పెట్టి మళ్ళీ వినిపించమన్నారు, రెండో వైపు ఎక్కడికీ వెళ్ళదని తీర్పు చెప్పినవాడు ముఖం ఎలా పెట్టాడు. మధ్యలో ఆపి, నాకు గుర్తులేనివి కూడా అడిగింది. తనకి రావలసిన పాతికేళ్ళ ఉత్తరాలు ఒక్కసారే తీసుకుంటున్నట్టు కూర్చుంది. చివరికి, "మరి పిల్లనగ్రోవి సంగతి ఎవులూ అన్లేదా?" అంది.

ఏ పిల్లనగ్రోవి అన్నాను.

అది నావైపు చూసింది. ఆ రోజు నేను తిరిగొచ్చాక చెప్దామని ఒక మాట అట్టే పెట్టుకుందట. వాళ్ళకి మొదటిది నచ్చితే రెండోది చెప్దామని. నేను నవ్వేరు అన్నాక ఇంక చెప్పలేదు. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. టుంపా ఫోన్‌లో ఆ రికార్డు రెండో వైపు పెట్టింది. పైడి వేళ్ళు మడుస్తూ చూపించింది. పియానో తర్వాత ఏడు వాయిద్యాలు వచ్చి చేరతాయి. ఏడోది పిల్లనగ్రోవి. దెబ్బలు ఆరే. అది వచ్చి నిలబడుతుంది, తగలదు. తర్వాత మొదటి వైపు పెట్టించింది. ఇరవై నిమిషాలు ముగ్గురం కదలకుండా విన్నాం. బండి పరుగెత్తుతూనే ఉంది. అందులో పిల్లనగ్రోవి లేదు. ఒక్కచోట కూడా లేదు.

పాతికేళ్ళు ఆ రికార్డు పేరు చెప్పుకుని తిన్నాను. తొమ్మిదిమందిమి ఎన్ని ఆదివారాలు విన్నామో. ఒక్కరికీ తెలియలేదు.

క్షమించావా అని నేను అడగలేదు. అది అనలేదు. అంటుందో లేదో తెలియదు, అడిగే ముఖం నాకు లేదు. లేచి చెప్పులు వేసుకుంటూ మాత్రం ఒక మాట అంది: "ఇది నా పేరు మీద చెప్పు."

ఎవరికి చెప్పాలి అన్నాను. "ఎవులికైనా" అంది.

మీకు చెప్తున్నాను. ఏడు వాయిద్యాలు, ఆరు దెబ్బలు. పిల్లనగ్రోవిని యార్డులో వదిలేసి బండి వెళ్ళిపోయింది. అది విన్నది మా చెల్లెలు పైడమ్మ. నేను కాదు.